మళ్ళీ ఓటడిగే డైరెక్టరును అంచనా వేయడానికి అమెరికన్ కెమికల్ సొసైటీ ఎన్నికల ప్యాకెట్టు ఎంతవరకు పనికొస్తుంది?

రసాయన శాస్త్రవేత్తల సంఘమైన అమెరికన్ కెమికల్ సొసైటీ సభ్యత్వానికి మనం కట్టే రుసుములో పత్రిక, సమావేశాల రాయితీ, ఉద్యోగాల వేటలో సహాయం వంటివి ఉంటాయని సభ్యులందరికీ తెలుసు. వాటి మంచిచెడ్డలను ఎవరో ఒకరు ఎప్పుడూ చర్చిస్తూనే ఉంటారు. అదే రుసుముతో వచ్చే మరో సేవను మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఏటా శరత్కాలంలో సభ్యులకు అందే ఎన్నికల ప్యాకెట్టు అది: ఓటు పత్రం, అభ్యర్థుల పరిచయాలు, వారి ప్రకటనలు. ఈ సమీక్షను నేను దానికే పరిమితం చేస్తున్నాను. అందులోనూ ఇప్పటికే బోర్డులో ఉన్న డైరెక్టర్ మరో పదవీకాలం కోసం పోటీ చేసినప్పుడు, ఆయనకు మళ్ళీ ఓటు వేయాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ ప్యాకెట్టు ఎంతవరకు పనికొస్తుందన్నదే నా ప్రశ్న. నేను హైదరాబాదులో రసాయనశాస్త్రం చదివి, న్యూజెర్సీలో ఔషధ పరిశ్రమలో పనిచేస్తున్న సభ్యురాలిని. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఓటు వేసే ఏర్పాటు చాలా బాగుంది, అభ్యర్థి ఎవరో తెలిపే సమాచారం ఫరవాలేదు, కానీ గడచిన మూడేళ్ళలో ఆ డైరెక్టర్ బోర్డులో ఏం చేశారో తెలిపే సమాచారం ఆ ప్యాకెట్టులో లేదు. అది కావాలనుకున్న సభ్యులు తామే వెతికి తెచ్చుకోవాలి. ఎక్కడ వెతకాలో కూడా ఇందులో రాస్తున్నాను.

ఒక శాస్త్రీయ సంఘం బోర్డులో ఎవరుంటే మనకేమిటని అడిగేవారు మా ప్రయోగశాలలోనే చాలామంది ఉన్నారు. ఈ సొసైటీని 1876లో న్యూయార్కులో కొద్దిమంది కెమిస్టులు ఒకచోట చేరి స్థాపించారు. 1937లో అమెరికా కాంగ్రెస్ దీనికి జాతీయ చార్టర్ ఇచ్చింది. ఇప్పుడు దీని సభ్యుల సంఖ్య లక్ష దాటింది, ప్రధాన కార్యాలయం వాషింగ్టన్‌లో ఉంది. అయితే దీని ఆదాయంలో సభ్యుల రుసుము వాటా చిన్నదే. సింహభాగం 1907లో మొదలై ఇప్పుడు ఒహైయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పనిచేస్తున్న, రసాయన పరిశోధనల సమాచారాన్ని సేకరించి అందించే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీసు నుంచి, సొసైటీ ప్రచురించే పరిశోధన పత్రికల నుంచి వస్తుంది. అంటే బోర్డులో కూర్చున్నవారు సభ్యుల రుసుములను మాత్రమే కాదు, ప్రపంచంలోని ఎన్నో రసాయన పరిశోధనశాలలు డబ్బు చెల్లించి వాడుకునే ఒక పెద్ద సమాచార వ్యాపారాన్ని కూడా పర్యవేక్షిస్తున్నారు. బడ్జెట్‌ను ఆమోదించేది వారే, ప్రధాన కార్యనిర్వహణాధికారిని నియమించేదీ వారే. హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో ఒక పరిశోధక విద్యార్థికి ఏ పత్రిక అందుబాటులో ఉంటుంది, తన వ్యాసాన్ని అందరూ ఉచితంగా చదివేలా ప్రచురించాలంటే ఎంత చెల్లించాలి అన్న సంగతులు చివరికి ఈ బోర్డు ఆమోదించే విధానాల మీదే ఆధారపడి ఉంటాయి. సొసైటీ పేరు కోర్టుల దాకా వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. లీడ్‌స్కోప్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీతో నడిచిన సుదీర్ఘ వ్యాజ్యంలో 2012లో ఒహైయో సుప్రీంకోర్టు, సొసైటీ అన్యాయమైన పోటీకి పాల్పడిందన్న తీర్పును సమర్థించింది. ఇలాంటి వ్యాజ్యాలు నడిచే కాలంలో బోర్డులో ఉన్నవారు మళ్ళీ ఓటడిగితే, ఆ విషయంలో మీరేం చేశారని అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంటుంది.

బోర్డు నిర్మాణం కొంచెం చిక్కుగా ఉంటుంది కనుక, ఎవరికి ఎవరు ఓటు వేస్తారో ముందు తెలుసుకోవాలి. అధ్యక్ష వరుసలో ముగ్గురుంటారు: ప్రస్తుత అధ్యక్షుడు, తరువాత రాబోయే ప్రెసిడెంట్-ఎలెక్ట్, ఇంతకుముందు దిగిపోయిన అధ్యక్షుడు. ప్రెసిడెంట్-ఎలెక్ట్‌ను సభ్యులందరూ ఎన్నుకుంటారు, ఒకసారి గెలిచినవారు మూడేళ్ళపాటు వరుసగా ఈ మూడు స్థానాల్లో ఉంటారు. ఇక ప్రాంతాలవారీగా విభజించిన ఆరు డిస్ట్రిక్టుల నుంచి ఒక్కొక్కరు చొప్పున ఆరుగురు డైరెక్టర్లు వస్తారు, వారిని ఆ డిస్ట్రిక్టులోని సభ్యులు ఎన్నుకుంటారు. మరో ఆరుగురిని డైరెక్టర్స్-ఎట్-లార్జ్ అంటారు. వారిని ఎన్నుకునేది మనం కాదు, లోకల్ సెక్షన్లనే స్థానిక శాఖల తరఫునా సాంకేతిక విభాగాల తరఫునా కౌన్సిల్‌లో కూర్చునే కౌన్సిలర్లు. డైరెక్టర్ల పదవీకాలం మూడేళ్ళు. దీన్నిబట్టి చూస్తే, మళ్ళీ పోటీ చేసే ఒక డైరెక్టర్ భవితవ్యం కొన్నిసార్లు నేరుగా మన చేతిలో ఉంటుంది, కొన్నిసార్లు మన కౌన్సిలర్ చేతిలో ఉంటుంది. ఈ తేడా సభ్యుల్లో చాలామందికి తెలియదు. ప్యాకెట్టు మొదటి పేజీలోనే దీన్ని నాలుగు వాక్యాల్లో వివరిస్తే బాగుంటుంది. నియమావళిని చదివే ఓపిక ఉన్నవారికి బులెటిన్ 5 అని సభ్యులు పిలుచుకునే పుస్తకంలో అంతా ఉంది, కానీ అది తీరిక ఉన్న ఆదివారం చదవాల్సిన పుస్తకం.

ఓటు వేసే ఏర్పాటు గురించి మెచ్చుకోలుగానే చెప్పాలి. ఓటు పత్రం ఈమెయిలులో వస్తుంది, లింకు తెరిస్తే మనకు ఓటుహక్కు ఉన్న పదవులు మాత్రమే కనిపిస్తాయి, ప్రతి పేరు దగ్గరా ఆ అభ్యర్థి పరిచయానికి దారి ఉంటుంది. వేసిన ఓటును చివరిసారి సరిచూసుకుని పంపిస్తే, అందిందని వెంటనే రసీదు వస్తుంది. ఇద్దరికన్నా ఎక్కువమంది పోటీలో ఉన్నప్పుడు ప్రాధాన్యక్రమంలో అంకెలు వేయాలి. మన రాష్ట్రాల్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. మొదటి ప్రాధాన్యం ఇచ్చిన వ్యక్తి లెక్కింపులో తప్పుకుంటే మన ఓటు రెండో వ్యక్తికి వెళ్తుంది కనుక, గెలవరని తెలిసిన మంచి అభ్యర్థికి మొదటి ఓటు వేయడానికి సంకోచించనక్కర్లేదు. ఫోన్‌లో కూడా పేజీలు తిన్నగా తెరుచుకుంటాయి. ఈ భాగానికి నేను నిస్సంకోచంగా పూర్తి మార్కులు వేస్తాను.

అభ్యర్థుల పరిచయాల దగ్గర నా మెప్పు సగానికి తగ్గుతుంది. ఇవి సొసైటీ వార్తాపత్రిక కెమికల్ అండ్ ఇంజనీరింగ్ న్యూస్ ద్వారా కూడా సభ్యులకు అందుతాయి. ప్రతి పరిచయమూ ఒకే అచ్చులో ఉంటుంది. పేరు, లోకల్ సెక్షన్, ప్రస్తుత ఉద్యోగం, చదువు, గౌరవాలు, చేసిన ఉద్యోగాలు, ఆ తరువాత సొసైటీ జాతీయ పదవుల్లో సేవ, సెక్షన్, విభాగాల పదవుల్లో సేవ, ఏ ఏడాది నుంచి సభ్యుడు, ఏ విభాగాల్లో సభ్యుడు, ఇతర కార్యకలాపాలు, చివర ప్రకటన. మళ్ళీ పోటీ చేసే డైరెక్టరును గుర్తుపట్టాలంటే జాతీయ పదవుల వరుస చూడాలి. అక్కడ బోర్డు ఆఫ్ డైరెక్టర్స్ అన్న మాట పక్కన సంవత్సరాలు, ఆపైన కామాలతో విడదీసిన కమిటీల పేర్లు కనిపిస్తాయి: బడ్జెట్ అండ్ ఫైనాన్స్ ఫలానా ఏళ్ళు, మరో కమిటీ ఫలానా ఏళ్ళు, దానికి అధ్యక్షత ఫలానా ఏడాది. సుదీర్ఘకాలం సేవ చేసినవారి విషయంలో ఈ వరుస ఒక నిండు పేరా అవుతుంది, చూడగానే గౌరవం కలుగుతుంది.

కానీ ఆ పేరా చదివి ముగించాక మనకు తెలిసేది ఆయన ఏ కుర్చీల్లో కూర్చున్నారన్నది మాత్రమే. ఆ కుర్చీలో ఉండగా ఏ ప్రతిపాదన తెచ్చారు, దేన్ని వ్యతిరేకించారు, ఎన్ని సమావేశాలకు హాజరయ్యారు అన్నది తెలియదు. తొలిసారి పోటీ చేసే వ్యక్తికీ, మూడేళ్ళు బోర్డులో గడిపిన వ్యక్తికీ ఒకే అచ్చు వాడటమే ఈ సేవలో అసలు లోపమని నా అభిప్రాయం. కొత్తవారి దగ్గర మనం అడగగలిగేది ఏం చేస్తారన్న మాట ఒక్కటే. పాతవారి దగ్గర ఏం చేశారన్న లెక్క అడగాలి. రెండు ప్రశ్నలు వేరు కనుక రెండు పత్రాలూ వేరుగా ఉండాలి.

ప్రకటనల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కష్టపడి చదివితే వాటిలో చాలా దొరుకుతుంది. మళ్ళీ ఓటడిగే డైరెక్టర్ ప్రకటన సాధారణంగా మూడు భాగాలుగా సాగుతుంది. సొసైటీ తనకు ఎంత ఇచ్చిందో మొదట చెప్తారు, బోర్డు సాధించినవాటిని తరువాత చెప్తారు, రాబోయే మూడేళ్ళకు యువ కెమిస్టులు, ఉద్యోగాలు, పాఠశాల విద్య, వైవిధ్యం, ఆర్థిక స్థిరత్వం వంటి లక్ష్యాలను చివర చెప్తారు. మధ్య భాగంలో బోర్డు చేసిన పని, తాను చేసిన పని కలిసిపోతాయి. పదిహేనుమంది కలిసి తీసుకున్న నిర్ణయంలో ఒకరి పాత్ర ఎంతో బయటివారికి తెలియదు. పైగా బోర్డు చర్చలు చాలావరకు గోప్యంగా జరుగుతాయి కనుక ఎవరు ఎటు ఓటు వేశారో బయటికి రాదు. గోప్యతకు న్యాయమైన కారణాలున్నాయి. వ్యాపార ఒప్పందాల గురించి, జీతాల గురించి అందరి ముందూ మాట్లాడలేరు. అయినా తన కృషిని తాను వివరించుకోవడానికి ఏ డైరెక్టరుకూ అడ్డు లేదు. నేను ఈ కమిటీకి నాయకత్వం వహించినప్పుడు ఫలానా కార్యక్రమానికి నిధులు పెంచమని కోరాం, కౌన్సిల్ ముందుకు తెచ్చాం, ఫలితం ఇదీ అని రాసినవారి ప్రకటన చదివినప్పుడు ఆ వ్యక్తి మీద నమ్మకం దానంతటదే ఏర్పడుతుంది. అలా రాసేవారు ఉన్నారు, కానీ తక్కువమంది.

ఇక్కడ నేను పాటించే పద్ధతి ఒకటుంది, ప్రతి సభ్యుడూ దీన్ని చేసి చూడాలని కోరుతున్నాను. మొదటి ఆధారం పాత ఎన్నికల ప్రకటనలు, అవి పత్రిక పాత సంచికల్లో దొరుకుతాయి. మళ్ళీ పోటీ చేస్తున్న డైరెక్టర్ మొదటిసారి పోటీ చేసినప్పుడు రాసిన ప్రకటనను వెతికి, కొత్తదాని పక్కన పెట్టి చదవండి. మొదటి ప్రకటనలో ఇచ్చిన మాటల్లో ఏవి కొత్త ప్రకటనలో చేసిన పనులుగా కనిపిస్తున్నాయి, ఏవి మళ్ళీ చేయబోయే పనులుగానే మిగిలాయి, ఏవి మాట వరసకైనా కనిపించకుండా పోయాయి అని గుర్తు పెట్టుకోండి. మూడో జాబితా పొడవుగా ఉంటే ఆ డైరెక్టరును ఒక్క ప్రశ్న అడిగి తీరాలి. రెండో జాబితా పొడవుగా ఉండటాన్ని నేను తప్పుగా భావించను. పరిశోధన ప్రచురణలను అందరికీ ఉచితంగా అందుబాటులోకి తేవడం, నిరుద్యోగులైన కెమిస్టులకు ఆసరా కల్పించడం వంటివి ఒక పదవీకాలంలో తేలే పనులు కావు. ఏ కారణంతో ఆగాయో దాపరికం లేకుండా రాసినవారికి, మరో మూడేళ్ళిస్తే ముందుకు తీసుకెళ్తామనేవారికి నా ఓటు దక్కే అవకాశం ఎక్కువ. రెండు ప్రకటనలనూ పక్కపక్కనే చదవడానికి పావుగంట చాలు, కానీ పాతదాన్ని వెతకడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఓటు పత్రంలో అభ్యర్థి పేరు కింద గత ప్రకటన లింకు ఒకటి చేర్చితే ఈ శ్రమ అంతా తప్పుతుంది. దీనికి కొత్తగా రాయాల్సింది ఏమీ లేదు, ఖర్చు కూడా ఉండదు.

రెండో ఆధారం ఫారం 990. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన సంస్థలు ఏటా ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేసే ఈ ఫారాన్ని అడిగినవారికి చూపించి తీరాలని చట్టం చెప్తోంది. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ నడిపే లాభాపేక్ష లేని సంస్థల జాబితాలో దీన్ని ఉచితంగా చదవవచ్చు. ఇందులో ఏడో భాగంలో ప్రతి డైరెక్టర్ పేరు, ఆయన వారానికి సగటున ఎన్ని గంటలు సంస్థ పనికి వెచ్చించారు, ఎంత పారితోషికం పొందారు అన్న వివరాలుంటాయి. గంటల అంకెను మాత్రం ఆచితూచి చదవాలి, ఎందుకంటే చాలా సంస్థలు డైరెక్టర్లందరికీ ఒకే అంకె వేసి ఊరుకుంటాయి. ఆరో భాగం ఇంకా విలువైనది. బోర్డులో ఓటుహక్కు ఉన్నవారు ఎందరు, వారిలో స్వతంత్రులు ఎందరు, సమావేశాల నిర్ణయాలను రికార్డు చేశారా, స్వప్రయోజనాల ఘర్షణను నివారించే విధానం ఉందా, ఉన్నతాధికారుల జీతాలను ఏ పద్ధతిలో నిర్ణయించారు అన్న ప్రశ్నలకు సంస్థ అక్కడ జవాబు రాయాలి. బోర్డు సభ్యులతోనూ వారి కుటుంబాలతోనూ సంస్థ లావాదేవీలు జరిపి ఉంటే వాటికి ఎల్ అనే వేరే షెడ్యూలు ఉంటుంది. ఇవి ఒక్కొక్క డైరెక్టర్ పనితీరును చెప్పవు, కానీ ఆయన కూర్చున్న బోర్డు ఎంత క్రమశిక్షణతో నడిచిందో చెప్తాయి. బోర్డు సాధించిన మంచి పేరులో వాటా కోరుకునే డైరెక్టర్ బోర్డు బాధ్యతలోనూ వాటా తీసుకోవాలి కదా. ఒక పరిమితి ఉంది: సంవత్సరం ముగిశాక గడువులు, పొడిగింపులు కలుపుకుని ఈ ఫారం ఆలస్యంగా బయటికి వస్తుంది కనుక, ఓటు వేసే నాటికి మనకు దొరికేది సాధారణంగా ఏడాదో రెండేళ్ళో వెనకటి లెక్క.

మూడో ఆధారం మనుషులు. వసంతకాలంలోనూ శరత్కాలంలోనూ జరిగే జాతీయ సమావేశాల్లో అభ్యర్థులతో ముఖాముఖి ఉంటుంది, బోర్డు తన సమావేశంలో కొంత భాగాన్ని సభ్యుల కోసం బహిరంగంగా నిర్వహిస్తుంది. అక్కడికి వెళ్ళగలిగినవారు వెళ్ళాలి. వెళ్ళలేనివారికి లోకల్ సెక్షన్ ఉంది. మా ఉత్తర న్యూజెర్సీ సెక్షన్ దేశంలోని పెద్ద సెక్షన్లలో ఒకటి, దానికి కౌన్సిలర్లు కూడా ఎక్కువమందే ఉన్నారు. కౌన్సిలర్లు ఏడాదికి రెండుసార్లు కౌన్సిల్‌లో కూర్చుని, బోర్డు నివేదికలు విని, డైరెక్టర్లను దగ్గరగా చూస్తారు. ఫలానా డైరెక్టర్ కౌన్సిల్ ముందుకు వచ్చి ప్రశ్నలకు జవాబిస్తారా, సెక్షన్లకు స్వయంగా వచ్చి సభ్యుల మాట వింటారా అని మన కౌన్సిలరును అడిగితే, ఏ పరిచయ పత్రంలోనూ దొరకని సమాధానం దొరుకుతుంది. నేను అడిగిన ప్రతిసారీ కౌన్సిలర్లు ఓపికగా, నిజాయితీగా మాట్లాడారు. మనవారు చాలామంది సెక్షన్ సమావేశాలకు ఉపన్యాసం విని, భోజనం చేసి వచ్చేస్తారు. ఆ భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చున్నది కౌన్సిలరేనని గుర్తించి మాట కలిపితే, ఈ ఎన్నికల సేవలో అన్నిటికన్నా మేలైన భాగం అక్కడే ఉందని తెలుస్తుంది. డైరెక్టర్స్-ఎట్-లార్జ్ విషయంలోనైతే మన మాట బోర్డుదాకా చేరే దారి అదొక్కటే.

పోల్చి చూడటానికి ఒక అనుభవం చెబుతాను. నేను సభ్యురాలిగా ఉన్న మరో వృత్తి సంఘం ఉంది, దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ బోర్డులో ఉన్నవారు మళ్ళీ పోటీ చేసినప్పుడు ఓటు పత్రంలో వారి ఫోటో, పేరు, పనిచేసే సంస్థ తప్ప ఇంకేమీ ఉండవు. స్థానాలు ఎన్నో అభ్యర్థులూ అంతే. అది ఎన్నిక కాదు, ఆమోదముద్ర. పాత సభ్యుల హాజరు వివరాలు ఇమ్మని రాస్తే, అవి అంతర్గత విషయాలని ఒక వాక్యంలో జవాబు వచ్చింది. ఆ అనుభవంతో పోల్చి చూస్తే అమెరికన్ కెమికల్ సొసైటీ ఇచ్చే సమాచారం ఎన్నో రెట్లు నయం. ప్రతి డైరెక్టర్ పదవికీ నిజమైన పోటీ ఉండేలా చూడటం ఇక్కడ నియమావళిలోనే ఉంది. డిస్ట్రిక్టు డైరెక్టర్ల విషయంలో నామినేషన్స్ అండ్ ఎలక్షన్స్ కమిటీ కొందరి పేర్లు ప్రతిపాదిస్తుంది, కౌన్సిలర్లు వారిలోంచి తుది అభ్యర్థులను ఎంపిక చేస్తారు, ఆపై సభ్యులు ఓటు వేస్తారు. పదవిలో ఉన్న డైరెక్టర్ అయినా ఈ మెట్లన్నీ మళ్ళీ ఎక్కాల్సిందే.

కమిటీకి నచ్చనివారికి కూడా దారి మూసుకుపోలేదు. నిర్ణీత సంఖ్యలో సభ్యుల సంతకాలు తెచ్చుకుంటే పిటిషన్ అభ్యర్థిగా నిలబడవచ్చు. 1970ల ఆరంభంలో అమెరికాలో కెమిస్టుల ఉద్యోగాలు పెద్ద ఎత్తున పోతున్న కాలంలో, సొసైటీ శాస్త్రాన్ని మాత్రమే కాక శాస్త్రవేత్తల బతుకుతెరువును కూడా పట్టించుకోవాలన్న నినాదంతో అలన్ నిక్సన్ ఇలాగే పిటిషన్ దారిలో పోటీ చేసి గెలిచి, 1973లో అధ్యక్షుడయ్యారు. ఉద్యోగాల కోతలు ఎలా ఉంటాయో న్యూజెర్సీలో పనిచేసే ఔషధ కెమిస్టులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఎన్నిక సంగతి తెలిసినప్పటి నుంచి ఈ ఓటు పత్రాన్ని నేను లాంఛనంగా చూడటం మానేశాను. బోర్డు దారి మారాలని సభ్యులు గట్టిగా అనుకుంటే, మార్చే సాధనం వారి చేతిలోనే ఉంది.

మరి పదవిలో ఉన్నవారిని మళ్ళీ ఎన్నుకోవడం మంచిదేనా అని నన్ను అడుగుతుంటారు. నా అనుభవంలో, లెక్క చూపించిన డైరెక్టరుకు రెండో అవకాశం ఇవ్వడం సొసైటీకి మేలే చేస్తుంది. ఇంత పెద్ద ప్రచురణ వ్యాపారం, పింఛను నిధులు, పెట్టుబడులు, పరిశోధన గ్రాంట్లు, 1968 నుంచి ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల విద్యార్థులకు ప్రయోగశాలల్లో వేసవి పరిశోధన నేర్పుతున్న ప్రాజెక్ట్ సీడ్ వంటి కార్యక్రమాలు, వీటన్నిటి లోతుపాతులు తెలుసుకోవడానికే కొత్త డైరెక్టరుకు ఏడాదికి పైగా పడుతుంది. మొదటి పదవీకాలంలో నేర్చుకున్నదాన్ని రెండోదానిలో వాడతారు. ప్రధాన కార్యనిర్వహణాధికారిని ప్రశ్నించే ధైర్యం, బడ్జెట్ కాగితాల్లో ఏ పేజీ ముందు తెరవాలో తెలిసిన అనుభవం ఒక్కరోజులో రావు. అందరూ కొత్తవారే ఉన్న బోర్డును జీతం తీసుకునే సిబ్బంది తమకు కావలసినట్టు నడిపిస్తారు. అయితే ఈ వాదన పని చేసినవారికే వర్తిస్తుంది. పేరు తెలిసినదన్న ఒక్క కారణంతో మళ్ళీ ఓటు వేస్తే, అనుభవం పేరుతో నిద్రపోయేవారికి కూడా కుర్చీ ఖాయమవుతుంది. సభ్యుల్లో ఎక్కువమంది ఓటే వేయని ఎన్నికల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ, ఎందుకంటే వేసే కొద్దిమందిలో తెలిసిన పేరు చూసి వేసేవారి బలం పెరిగిపోతుంది.

తెలుగువారి గురించి ఒక మాట. న్యూజెర్సీ నుంచి కాలిఫోర్నియా దాకా ఔషధ, రసాయన పరిశ్రమల్లో మనవారి సంఖ్య తక్కువేమీ కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్. రావు గారు 1970లలో అంతర్జాతీయ గణాంక సంస్థకు అధ్యక్షులుగా పనిచేశారు. శాస్త్రీయ సంఘాల నిర్వహణ మనకు పరాయిది కాదని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. కానీ మన సాంస్కృతిక సంఘాల ఎన్నికల్లో ప్యానెళ్ళు కట్టి, ఊరూరా తిరిగి, అర్ధరాత్రి దాకా ఫోన్లు చేసే మిత్రులే ఈ ఎన్నికల ఈమెయిలును తెరవకుండా తీసేయడం చూసి బాధపడతాను. గ్రీన్ కార్డు దరఖాస్తులో చూపించడానికో, సమావేశంలో రాయితీ కోసమో సభ్యత్వం తీసుకోవడంలో తప్పు లేదు, కానీ మన వృత్తి జీవితాన్ని నేరుగా తాకే నిర్ణయాలు జరిగేది ఈ బోర్డులోనే.

సేవను మెరుగుపరచడానికి నేను సొసైటీని కోరేవి పెద్ద విషయాలు కావు. మళ్ళీ పోటీ చేసే డైరెక్టరుకు పరిచయంలో ఒక అదనపు పేజీ ఇవ్వాలి. బోర్డు, కమిటీ సమావేశాల హాజరు, అధ్యక్షత వహించిన కమిటీలు ఆ కాలంలో వెలువరించిన నివేదికల లింకులు, మొదటి ప్రకటన, దాని మీద ఆయన స్వయంగా రాసిన జవాబు, ఇవి అందులో ఉంటే చాలు. గోప్య విషయాలు బయటపెట్టమని నేను అడగడం లేదు. హాజరు గోప్యం కాదు, నివేదికలు ఇప్పటికే కౌన్సిల్ ముందుకు వస్తున్నాయి. ఈ పేజీ చేర్చిన నాడు ఈ సేవకు అయిదు నక్షత్రాలూ ఇస్తాను. ప్రస్తుతానికి మూడున్నర: ఓటు వేసే ఏర్పాటుకూ, నిజమైన పోటీకీ, పిటిషన్ దారికీ ఆ మూడున్నర. మిగతా ఒకటిన్నర నా పావుగంటలు వెతుకులాటకు పోతున్నందుకు తగ్గించాను.

ఈ సేవను వాడాలనుకునేవారు ఇప్పుడే చేయాల్సిన పని ఒకటి ఉంది. ఓటు పత్రం సొసైటీ దగ్గర నమోదైన ఈమెయిలుకే వస్తుంది, పాత కంపెనీ ఈమెయిలు ఇచ్చినవారికి ఉద్యోగం మారాక అది అందదు. ఎన్నికల కాలం రాకముందే సభ్యత్వ ఖాతాలోకి వెళ్ళి సొంత ఈమెయిలును, ప్రస్తుత చిరునామాను నమోదు చేయండి. మీరు ఏ డిస్ట్రిక్టు డైరెక్టరుకు ఓటు వేయాలన్నది ఆ చిరునామాను బట్టే తేలుతుంది.